సప్తమస్కంధం, ఎనిమిదో తరగతి

3 ఏప్రిల్ 2005, ఆదివారం

నువ్వు పిల్లకు చదువు చెప్పించడానికి బయలుదేరావా, పిల్లను ముందు నడిపించి నీ మెడలో దండ వేయించుకోవడానికి బయలుదేరావా?

వచ్చే శనివారం ప్రవచన సభ ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. మైకు ముందు నిలబడి, కాస్త ఆగి, ముందు వరుస కుర్చీల్లో కూర్చున్న మహానుభావుల మొహాల్లోకి సూటిగా చూసి అడగాలి. మర్చిపోతానని ఇక్కడ రాసుకుంటున్నాను.

పొద్దున పంజాగుట్టలో ఒక ఆడపిల్లల స్కూల్లో ఎనిమిదో తరగతికి ప్రవేశ పరీక్ష. పిల్లలు లోపల, కన్నవాళ్లు గేటు బయట ఎండలో. ఆ సంత చూసి తీరాలి! ఒకాయన కారులో ఏసీ వేసుకుని కూర్చుని, పరీక్ష అయ్యాక పిల్లకు తాగించడానికి గ్లూకోజు కలుపుతున్నాడు. ఒకావిడ తనే పరీక్ష రాస్తున్నట్టు గోళ్లు కొరుకుతోంది. మెడలో ఆఫీసు ట్యాగు ఆదివారం కూడా తీయని సాఫ్ట్‌వేర్ నాయనొకడు పక్కవాడితో అంటున్నాడు: "మేము నాలుగు చోట్ల రాయిస్తున్నాం సార్. బ్యాకప్ ఉండాలి కదా."

బ్యాకప్పట. కన్న కూతురికి బ్యాకప్పట. ఈ ఊళ్లో కంప్యూటర్లు వచ్చి మనుషుల నోట్లో మాటలు కూడా మార్చేశాయి.

నేనూ అక్కడే ఉన్నాను. మా అమ్మాయి శ్రీలేఖను దింపడానికి వెళ్లాను, అంతే. దాని స్కూలు ఏడుతోనే అయిపోతుంది కాబట్టి తప్పలేదు. ఈ పంజాగుట్ట ఆలోచన మా ఆవిడ ఉదయలక్ష్మిది.

అమీర్‌పేటలో కూడా ఒక పరీక్ష రాయించాం. ఆ అప్లికేషన్ నేను పెట్టాను. అది వేరే సంగతి.


9 ఏప్రిల్, శనివారం

సభ అదిరింది.

సప్తమస్కంధం మొదలుపెట్టాను. రాక్షసరాజు కొడుకును గురువులకు అప్పగించే ఘట్టం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్లన్నీ గోడవారకు జరిపినా చోటు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. మా పద్ధతి మామూలే. శ్రీలేఖ పద్యం చదువుతుంది. నేను చెయ్యెత్తి "భావం?" అంటాను. అది ఒక్క ముక్కలో చెబుతుంది. ఆ ముక్కను పట్టుకుని నేను అందుకుంటాను. దాని గొంతులో పద్యం విరుపు దగ్గర ఆగి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లినట్టు వెళుతుంది. అది నేను నేర్పింది కాదు. నాకే ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పి, సనత్‌నగర్ ఫ్యాక్టరీ స్టోర్‌లో నట్లూ బోల్టులూ అందిస్తూ, పాత పుస్తకాల బండి మీద కొన్న పొత్తాలను సిటీ బస్సులో నిలబడి చదువుకున్నవాణ్ణి నేను.

"వాడికి కొడుకు అక్కర్లేదయ్యా!" అన్నాను. "తన పేరు మోసే బోర్డు కావాలి! ఆ రాక్షసుడు ఇవాళ పుట్టి ఉంటే కొడుకును తీసుకెళ్లి అమీర్‌పేటలో ఐఐటీ ఫౌండేషన్‌లో పడేసేవాడు!"

ఒకటే నవ్వులు, చప్పట్లు.

అయ్యాక రాఘవేందర్ వచ్చాడు. మా ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనే లేత్ మిషన్ పెట్టుకున్న మనిషి. వాళ్ల సంగీతా మా శ్రీలేఖా ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచి. "ఏంది గురువుగారు, మస్తు గడ్డి పెట్టిన్రు ఇయ్యాల! మా సంగీతను సుత రెండు దిక్కుల రాయించిన. నన్ను జూసే అన్నరా ఏంది?"

"నిన్ను చూసి ఎందుకంటాను రాఘవేందర్. లోకాన్ని చూసి అన్నాను."

"గా లోకంల నేను లేనా మరి?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మంచివాడే. ఆలోచన తక్కువ.


15 ఏప్రిల్, శుక్రవారం

పంజాగుట్ట స్కూల్లో తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ. ఈ దేశంలో ఇదొక్కటే మిగిలింది. పిల్లను కన్నందుకు మనకు పరీక్ష.

ఇంగ్లీషులో అడుగుతారని ఆఫీసు గుమాస్తా చేత నాలుగు వాక్యాలు రాయించుకుని బట్టీ పట్టి వెళ్లాను. ప్రిన్సిపాల్ పేరు ఛాయాదేవి. నేత చీర, చెవులకు రవ్వలు కూడా లేవు. తెలుగులోనే అడిగింది. "పాప ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తుంది?"

ఇదా ప్రశ్న? ఎలాంటి వంశం, ఎలాంటి సంస్కారం, ఇంట్లో ఏ గ్రంథాలున్నాయి, అవి అడగాలి. సరే, అడగకపోయినా నేనే చెప్పాను. గురువు లక్షణాల దగ్గర మొదలుపెట్టి శిష్యుడి లక్షణాల దాకా వచ్చాను. వినయం మీద మంచి ఊపు వస్తుండగా ఆవిడ చెయ్యి కాస్త ఎత్తింది.

"చలపతిరావు గారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా? పాపతో మాట్లాడతాను."

బయట! వరండాలో, నీళ్ల డ్రమ్ము పక్కన చెక్కబల్ల మీద! ఫ్యాక్టరీ ఓనరు కూడా నేను మాట్లాడేటప్పుడు మధ్యలో ఆపడు. మైకు ముందు నోరు తెరిస్తే జనం చేతులు కట్టుకుని వినే మనిషిని, పిల్లలు నీళ్లు తాగి గ్లాసు విదిలిస్తుంటే ప్యాంటు తుడుచుకుంటూ కూర్చున్నాను. లోపల్నుంచి ఆవిడ నవ్వు వినబడింది. పైకే నవ్వింది. చదువులు చెప్పేచోట ఆ నవ్వేమిటి?

"ఏం అడిగింది?" అన్నాను దారిలో.

"ఏం లేదు నాన్నా, ఊరికే మాట్లాడింది."

ఉదయలక్ష్మి ఆటోలోంచి రోడ్డు వైపు చూస్తూ అంది: "ఎదుటివాళ్లను మాట్లాడనిస్తారో లేదో చూసి ఉంటుంది."

ఆ స్కూల్లో క్రమశిక్షణ లేదు. మొదటి చూపులోనే నాకు అర్థమైంది.


18 ఏప్రిల్, సోమవారం

పంజాగుట్టలో సీటు వచ్చింది. సంగీతకు కూడా. అందరికీ ఇస్తారు కాబోలు.

చేరేదీ లేనిదీ మే నెలాఖరు సోమవారం మధ్యాహ్నం లోపు చెప్పాలట.


20 ఏప్రిల్, బుధవారం

అమీర్‌పేటలోనూ సీటు వచ్చింది. ఫౌండేషన్ బ్యాచి, మొదటి సెక్షన్. సంగీతకు రాలేదు.

చూడటానికి ముగ్గురమూ వెళ్లాం. కింద జిరాక్సు షాపూ టిఫిన్ బండీ, మొదటి రెండు అంతస్తుల్లో జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్, పైన స్కూలు. మెట్ల మీద జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు, చేతుల్లో ఫైళ్లు, అమెరికా బస్సు ఇక్కడే ఆగుతుందన్నట్టు నిలబడి ఉన్నారు. వాళ్లను చూస్తే జాలేస్తుంది. స్కూలు వేరు. స్కూలు తలుపు తీయగానే నిశ్శబ్దం.

వంశీకృష్ణ అని అక్కడ అడ్మిషన్లు చూసే అబ్బాయి. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. "గురువుగారూ, మా అమ్మగారు మీ ప్రవచనం ఒక్కటి కూడా వదలరండి" అన్నాడు. ఎంత సంస్కారం! తర్వాత ఒక మాట అన్నాడు. అది విన్నాక ఇక ఆలోచించాల్సింది ఏముంది?

"మా దగ్గర సెకండ్ లాంగ్వేజ్ తెలుగు కాదు గురువుగారూ. సంస్కృతం. అందరికీ కంపల్సరీ."

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దేవభాష! కలికాలంలో, అమీర్‌పేట నడిబొడ్డున, జావా నెత్తి మీద దేవభాష! నేను అక్షరం అక్షరం తడుముకుంటూ తెలుగు లిపిలో మాత్రమే చదువుకోగలిగిన భాష నా కూతురు గురుముఖంగా నేర్చుకుంటుంది.

"గ్రౌండ్ ఎక్కడ బాబూ?" అంది ఉదయలక్ష్మి.

"టెర్రస్ ఉందండి మేడం."

మెట్లు దిగుతూ మొదలుపెట్టింది. "ఏంటండీ ఇది? మధ్యలో కంప్యూటర్లు, పైన పిల్లలూనా? గాలి ఎటునుంచి వస్తుంది?"

"ఋషులు గుహల్లో కూర్చుని చదివారే."

"ఋషుల గుహ ముందు ఇన్ని బూట్లు విప్పి ఉండవు. వాసన తగల్లేదా మీకు?"

శ్రీలేఖ ఏమీ అనలేదు. పిల్లకు నచ్చినట్టే ఉంది.


23 ఏప్రిల్, శనివారం

సభలో ప్రకటించాను. "నా కూతురు సంస్కృతం చదవబోతోంది!" అన్నాను. చప్పట్లు. అమీర్‌పేటను నేనెప్పుడూ తిట్టలేదు, అక్కడి కోచింగ్ పిచ్చిని తిట్టాను. తేడా తెలియనివాళ్లు వింటే ఎంత, వినకపోతే ఎంత.

రాఘవేందర్ దిగులుగా నిలబడ్డాడు. "గురువుగారు, సంస్కృతమంటే మంచి ముచ్చటే. మా పోరికి ఆడ సీటు రాలే. పంజాగుట్టల వేస్తే ఏమన్న తక్కువైతదా?"

అక్కడికక్కడే వంశీకృష్ణకు ఫోన్ చేశాను. "మీ మాట మాకు ఆర్డర్ గురువుగారూ" అన్నాడు. సీటు ఇచ్చేశాడు. అది మనిషికి విలువ ఇవ్వడమంటే. పంజాగుట్ట రాణీగారికి తెలుస్తుందా ఇది?


25 ఏప్రిల్, సోమవారం

ఫ్యాక్టరీ గేటు దగ్గర రాఘవేందర్. "పంజాగుట్ట మేడమ్‌కు ఒద్దని చెప్పొచ్చిన గురువుగారు. మళ్ల ఒకసారి సోచాయించుమన్నది. మా గురువుగారు చెప్పిన్రు, ఇగ సోచాయించేదేం లేదన్న."

మేమూ వద్దని చెప్పేద్దామని ఫోన్ తీశాను. ఉదయలక్ష్మి చేతిలోంచి లాక్కుంది. "నేను చెబుతాలెండి. ఆవిడతో మీరు మొదలుపెడితే ఫోన్ పెట్టేయరు."


2 మే, సోమవారం

బ్రిడ్జి కోర్సు మొదలు. స్కూలు తెరవకముందే వేసవిలో నడిపే క్లాసులు. జ్యోతి నా చేత వెలిగించారు. శాలువా కప్పారు. మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు, అందులో పై మూలన నా ఫోటో, కింద "ప్రముఖ ప్రవచనకర్త గారి కుమార్తె సైతం మా విద్యార్థినే." ఇలాంటివి నాకు ఇష్టం ఉండవు. వాళ్ల తృప్తి కోసం ఊరుకున్నాను.


4 మే

అమీర్‌పేటలో పని ఉండి అటు వెళ్లాను. ఫ్లెక్సీ బాగానే ఉంది.


6 మే

అమీర్‌పేటలో పని ఉండి అటు వెళ్లాను. గాలికి ఒక మూల ఊడింది, నా మూలే. వంశీకృష్ణకు చెప్పాను.


7 మే, శనివారం

శ్రీలేఖకు స్టడీ అవర్. సభకు రాలేదు. పద్యాలు నేనే చదువుకున్నాను. ఎవరూ లేచి వెళ్లలేదు. ఒకరిద్దరు వెళ్లారు, వాళ్లకు పని ఉండి ఉంటుంది.


12 మే

సంస్కృతం వారపు పరీక్షలో శ్రీలేఖకు పూర్తి మార్కులు. ఫ్యాక్టరీలో అందరికీ మిఠాయి పంచాను. "మీ అమ్మాయి శ్లోకం చెబుతుందా సార్?" అని అడిగాడు గుమాస్తా. "వచ్చి విను" అన్నాను.


14 మే, శనివారం

మళ్లీ రాలేదు. ఇవాళ జనం పల్చన. ఎండలు.


21 మే, శనివారం

శ్రీలేఖను సాయంత్రం వదిలారు. నిద్రపోకముందే ఇది రాసేయాలి, లేకపోతే రాయను.

సెల్లార్ నిండింది. అది వచ్చిందని తెలిసే వచ్చారు. రాక్షసరాజు చదువుకుని వచ్చిన కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల నిమిరి, ఏం నేర్చుకున్నావు నాయనా అని అడిగే పద్యం. శ్రీలేఖ మైకు పట్టుకుంది. మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. విరుపు లేదు, ఊపిరి లేదు. టికెట్ మిషన్ టికెట్లు చింపినట్టు ఒక్క ఊపున చదివేసి నిలబడింది.

నేను చెయ్యెత్తాను. "భావం?"

అది నా వైపు చూసింది. వెటకారం లేదు. నిజంగానే అర్థం కాని చూపు.

"భావం సిలబస్‌లో లేదు నాన్నా. పద్యం వరకే."

మైకు ఆన్‌లోనే ఉంది. వెనక ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ. శ్రీలేఖ ఆ నవ్వులను చూసి, తను తప్పు జవాబు చెప్పానేమోనని పెదాలు కదుపుతూ పద్యం మళ్లీ మనసులో సరిచూసుకుంటోంది.

"చూశారా, తండ్రి మీదే చమత్కారం!" అని నేనూ నవ్వేశాను. ఆ తర్వాత ఏం మాట్లాడానో గుర్తు లేదు. బాగానే మాట్లాడి ఉంటాను.




22 మే

పిల్ల అలిసిపోయింది. అంతే.


24 మే, మంగళవారం

అమీర్‌పేట వెళ్లాను, పని ఉండి కాదు. చూడటానికే వెళ్లాను.

మెట్ల మలుపులో నిలబడితే సంస్కృతం క్లాసు వినబడుతోంది. మాస్టారు "ఏడు!" అంటాడు. పిల్లలంతా ఏడో జవాబు గడగడా అప్పజెబుతారు. "పదకొండు!" మళ్లీ గడగడా. కిటికీలోంచి బోర్డు చూశాను. దేవనాగరి లేదు, తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది సంస్కృతం. నా దేవభాష కోటు వేసుకుని నిలబడింది.

మాస్టారు బయటికి వచ్చాక అడిగాను. పాపం కుర్రవాడు, దాచలేదు.

"లిపి నేర్పితే ఏడాది పోద్ది సార్. ఇంటర్లో ఏ అక్షరాల్లో రాసినా మార్కులేస్తారు. తెలుగైతే అంత స్కోరు రాదని కదా సార్ సంస్కృతం పెట్టేది. ఇప్పట్నుంచే అలవాటు చేస్తున్నాం."

"మరి అర్థం?"

"అర్థం తెలిస్తే సొంతంగా రాస్తారు సార్. సొంతంగా రాస్తే మార్కులు పోతాయి."

వెనక నుంచి వంశీకృష్ణ. "గురువుగారూ! మీకే ఫోన్ చేద్దామనుకున్నా. కొత్త ఫ్లెక్సీలో మీ ఫోటో పెద్దది వేయిస్తున్నామండి. ఎడమవైపు మొత్తం మీరే."

కూర్చోమన్నారు. టీ ఇచ్చారు. తాగాను.


28 మే, శనివారం

గొంతు బాగాలేదని సభ ఆపేశాను.

రాఘవేందర్ మిరియాలూ పటికబెల్లమూ పట్టుకుని వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"గొంతు జర జాగ్రత్త గురువుగారు. గా గొంతు తోటే గద మాకు నాలుగు మంచి ముచ్చట్లు తెలిసేది." పొట్లం నా చేతిలో పెట్టి, "మా సంగీత ఇంట్ల మాట్లాడుడే బంద్ జేసింది. మొన్న నేను, ఏం బిడ్డా, ఏం చెప్పిన్రు ఇయ్యాల అంటే, క్వశ్చన్ నంబర్ చెప్పు డాడీ అన్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. అయినా మీరు చెప్పిన్రు గద. ఫికర్ లేదు."

"ఫికర్ లేదు" అన్నాను నేను. గొంతు బాగానే పలికింది.


29 మే, ఆదివారం

మధ్యాహ్నం సప్తమస్కంధం తెరిచాను. ఇరవై ఏళ్లుగా ఆ రాక్షసుణ్ణి తిట్టి చప్పట్లు కొట్టించుకుంటున్నాను. క్రూరుడన్నాను, అహంకారి అన్నాను, కొడుకు నోరు నొక్కినవాడన్నాను. ఇవాళ పద్యం నెమ్మదిగా చదివాను, ఇదివరకు శ్రీలేఖ చదివినట్టు విరుపు దగ్గర ఆగి. వాడు కొడుకును ఒళ్లోకి తీసుకున్నాడు. నువ్వేం నేర్చుకున్నావు, నీకేది మంచిదనిపించింది అని అడిగాడు. జవాబు నచ్చలేదు, అది తర్వాత. ముందు అడిగాడు. రాక్షసుడు అడిగాడు.

నేను అడగలేదు. సంతలో గ్లూకోజు కలిపినవాడు అడిగి ఉంటాడు. బ్యాకప్ అన్నవాడు కూడా అడిగి ఉంటాడు. వాళ్ల మీద ఉమ్మేసినవాణ్ణి నేను. నా కూతురిని ఒక్క మాట అడగలేదు.

శ్రీలేఖను పిలిచాను. ఒళ్లో పట్టే వయసు కాదు, పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఏం నేర్చుకున్నావమ్మా?"

"ఏ యూనిట్ నాన్నా?"

ఊపిరి తీసుకుని మళ్లీ అడిగాను. "ఆ రోజు పంజాగుట్టలో నన్ను బయటికి పంపి ఆ మేడం నిన్నేం అడిగింది?"

చాలా రోజుల తర్వాత దాని మొహం విచ్చుకుంది. "ఒక్కదాన్నే ఉంటే ఏం చేస్తావు అంది. పద్యాలు పైకి చదువుకుంటాను అన్నాను. చదవమంటే ఈ కథే మొత్తం చదివా. మధ్యలో ఎవరూ ఆపలేదు నాన్నా! ఇందులో నీకెవరంటే ఇష్టం అని అడిగింది. ఆ అబ్బాయి వాళ్లమ్మ అన్నా. ఎందుకు అంది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగరు కదా, అందుకు అన్నా. అప్పుడు పెద్దగా నవ్వింది."

అదా ఆ నవ్వు.

"ఆ స్కూల్లో పద్యం చదవడానికి ఒక క్లాసు ఉందట. అర్థం కాకపోతే చెయ్యెత్తొచ్చట."

"నీకక్కడికి వెళ్లాలని ఉందా?"

"ఉంది. నువ్వు అడగలేదుగా."

వంటింటి గుమ్మంలో ఉదయలక్ష్మి చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆవిణ్ణి కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

"వద్దని ఎప్పుడు చెప్పావు ఆవిడకి?" అన్నాను.

"చెప్పలేదు."

"నెల దాటింది కదా!"

"రేపు మధ్యాహ్నం దాకా టైముంది. మీ గొంతు ఎప్పుడు పోతుందా అని చూస్తున్నాను. ఆలస్యంగా అయినా పోయింది."


30 మే, సోమవారం, పొద్దున

ఒరే చలపతీ. ఇంకా కూర్చుని రాస్తున్నావా?

నీ పిల్ల సీటు నీ భార్య కాపాడింది కాబట్టి ఉంది. రాఘవేందర్ పిల్ల సీటు నీ మాట మీద పోయింది. అది తిరిగి దొరుకుతుందో లేదో నీకు తెలియదు. నీ పలుకుబడి ఆ గేటు దగ్గర పనికిరాదు. అయినా వెళ్లు. ముందు రాఘవేందర్ తలుపు తట్టు. గుమ్మంలో నిలబడే చెప్పు, నాకు దండ వేస్తారని నీ బిడ్డను అక్కడ పడేశాను అని. ఉపమానాలు వద్దు. వాడు తిడితే తిట్టించుకో. సంగీతను చెయ్యి పట్టుకుని తీసుకురా. ఇద్దరు పిల్లలనూ ముందు నడిపించు, ఈసారి వాళ్లు ఎటు నడిస్తే అటు నువ్వు నడువు.

వెళ్లే దారిలో అమీర్‌పేటలో ఆగు. ఫ్లెక్సీలో నీ మొహం ఇవాళే దింపించు.

ఛాయాదేవి గారి ఎదుట ఒక్కటే మాట మాట్లాడు: సంగీత కూడా చేరాలనుకుంటోంది, దయచేసి ఆ పిల్లనే అడగండి. ఆ తర్వాత ఆవిడ బయట కూర్చోమనేదాకా ఆగకు, నువ్వే లేచి వెళ్లు. నీళ్ల డ్రమ్ము పక్కన చెక్కబల్ల నీకు తెలిసిందే. నోరు మూసుకుని కూర్చో. లోపల నవ్వు వినబడాలని దేవుణ్ణి అడుగు.

శనివారం దీన్ని మైకులో చెబుదాంలే అని వాక్యాలు పేర్చుకుంటున్నావు, నాకు తెలుసు. శనివారానికి గేటు మూసేస్తారు. మధ్యాహ్నానికే మూసేస్తారు.

లే. పెన్ను మూతపెట్టు. చెప్పులు తొడుక్కో. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.